ఎర్తు గుంతకు మంచినీళ్ళు

పుల్లన్నకు ముక్కే మీటరు. కాలిపోయిన బోరు మోటారును షాపు ముందర దించుతానే, అది వోల్టేజీ ఎక్కువై కాలిందో, నీళ్ళు లేక ఉత్తపుణ్యానికి తిరిగి తిరిగి కాలిందో వాసన చూసి చెప్పేటోడు. కుందుర్పిలో పదిహేనేండ్లు మోటార్లకు తీగ చుట్టినాడు. మొదట్లో వోల్టేజీ వాసనే ఎక్కువ వచ్చేది. పోను పోను రెండో వాసనే మిగిలింది. ఆ తర్వాత అది కూడా రాలేదు. బోరే ఎండిపోయినాక మోటారును పైకి లాగి, ఎరువు సంచి కప్పి మూలకు పెడతారు గానీ తీగ చుట్టించుకునేదెవరు?

ఊరోళ్ళ సంగతి అట్లుంచండి. ఆయప్ప సొంత చేన్లోనే మూడు బోర్లు వేయించినాడు. మొదటిదాంట్లో నాలుగు నెలలు నీళ్ళొచ్చినాయి. రెండోదాంట్లో తేమ తగిలింది, అంతే. మూడోదాని కథ ఆయప్ప నోటెంబడి రాదు. ఆయప్ప భార్య గంగక్క మాత్రం ఎవరడిగినా చెప్తుంది. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని పుల్లన్న మిట్టమధ్యాన్నం చేనంతా తిరిగినాడంట. ఒకచోట టెంకాయ లేచి నిలబడిందంట. ఆడ బోరు బండి పెడితే తెల్లదుమ్ము లేచి, డ్రైవరు మొదలు పుల్లన్న దాకా అందరూ ఒళ్ళంతా విబూది పూసుకున్న సాములోర్ల మాదిరి అయినారంట. "టెంకాయ నిలబడింది, మేము కూలబడితిమి" అని గంగక్క కథ ముగిస్తుంది. విన్నోళ్ళు నవ్వుతారు. పుల్లన్న లేచి బయటికి పోతాడు.

చేను పోయినాక ఇద్దరూ బెంగళూరు పోయి రేకుల షెడ్డులో ఉండి ఇటుకలు మోసినారు. ఆర్నెల్లకు గంగక్కకు టైఫాయిడు తగిలి, బతుకుతుందో లేదోనన్నంత దాకా వచ్చింది. తేరుకున్న రోజు ఆమె మొగుణ్ణి ఒకటే అడిగింది. "నన్ను మళ్ళీ ఆడికి తీసకపోనని చెప్పు." చెప్పినాడు. పిల్లాజెల్లా లేని సంసారం కాబట్టి ఆ మాట ఒక్కటే ఇద్దరి నడుమ బిడ్డ మాదిరి పెరుగుతా వచ్చింది.

అప్పుడు అనంతపురంలో నెట్ సెంటర్ల కాలం. పుల్లన్న బుక్కరాయసముద్రంలో ఒక అర్ర బాడుగకు తీసుకొని, దినామూ సైకిలు మీద టౌనుకు పోయి, చెడిపోయిన కంప్యూటర్లు విప్పి విప్పి పని నేర్చుకున్నాడు. తీగ తీగే, కరెంటు కరెంటే అనేది ఆయప్ప సిద్ధాంతం. ఆఖరుకు వీరేష్ అనే ఆసామి నెట్ సెంటర్లో కుదురుకున్నాడు. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తేది, చెడిపోయినదాన్ని బాగుచేసేది, సాయంత్రం షట్టరు దించేది ఆయప్ప పని.

రెండువేల ఆరు ఎండాకాలం అది. సెంటర్లో ఎనిమిది మిషన్లు. కాలేజీ పిల్లోళ్ళు వచ్చి, లోకంలో యాడ యాడనో ఉన్నోళ్ళతో నెట్టులో తుపాకుల ఆట ఆడేటోళ్ళు. లోపలినుంచి రెండే మాటలు వినపడేవి. ఆట నత్త మాదిరి నడిస్తే "ఈడుస్తాండాది!" అని. మిషను ఉన్నట్టుండి ఆరిపోతే "సచ్చిందన్నా, సచ్చింది!" అని. దోవన పోయే ముసలోళ్ళు ఈ కేకలిని, లోపల ఏమి ఆసుపత్రి పెట్టినారోనని తొంగి చూసేటోళ్ళు.

అందరిలోకీ గొంతు పెద్దది ప్రణీత్ అనే ఇంజనీరింగ్ పిల్లోడిది. "అన్నా, నేను కాల్చి, తూటా వాని దగ్గరికి పోయేలోపల వాడు నన్ను కాల్చి, కాఫీ తాగి వస్తాండాడన్నా!" అని మొత్తుకునేటోడు.

వీరేష్ ఎవరినో కంప్యూటరు చదువు చదివినాయన్ను పిలిపించినాడు. ఆయన వచ్చి అన్ని మిషన్లలో ఉన్నదంతా తుడిచి, ప్రోగ్రాములు మళ్ళీ ఎక్కించిపోయినాడు. మరుసటి రోజే మళ్ళీ సచ్చినాయి. ఇంకోసారి తుడిచినాడు. ఇంకోసారి సచ్చినాయి. పిల్లోళ్ళు కొత్త సెంటర్ల పక్క చూడబట్టిరి.

వీరేష్ ఒకరోజు పుల్లన్నను పక్కకు పిలిచినాడు. "పుల్లన్నా, నీ మీద నాకేం కోపం లేదు. ఈ నెలాఖరు లోపల ఇవి నిలబడితే సరే. లేకుంటే మిషన్లు అమ్మేసి జెరాక్సు పెట్టుకుంటా. నువ్వు యాడన్నా చూసుకోవల్ల."

యాడన్నా అంటే యాడ? రేకుల షెడ్డు పుల్లన్న కండ్ల ముందర తిరిగింది.

ఈడ్చేది ఒక రోగం, సచ్చేది ఇంకో రోగం అని ఆయప్పకు అప్పటికే అనుమానం. రెండింటికీ ఒకటే మందు వేస్తే ఏదీ నయం కాదు. ముందు ఈడ్చేదాన్ని పట్టుకున్నాడు. ఫోను లైను వచ్చి చేరే డబ్బా మీద ఒక పచ్చ లైటు ఉంటుంది. లైనులో రాకపోకలుంటే అది మినుకుమినుకుమంటుంది. ఒక మధ్యాన్నం ఆట ఈడుస్తా ఉండగా, పిల్లోళ్ళను బతిమాలి ఎనిమిది మిషన్ల తీగలూ ఒకటొకటే పీకినాడు. అన్నీ పీకినా లైటు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటానే ఉండాది. తొమ్మిదో తీగ ఒకటి ప్లైవుడ్ క్యాబిన్ లోపలికి పోతాంది. అది వీరేష్ క్యాబిన్. తలుపేసి ఉండాది.

తోసినాడు. వీరేష్ ఎదురుగా తెర మీద ఒక ఆడపిల్ల ఫోటో నిదానంగా, నెత్తి మీద పూల కాడినుంచి కిందికి దిగుతాంది. పక్కన వరసగా ఇంకా నలభై యాభై ఫోటోలు దిగేదానికి కాచుకోనుండాయి. పెండ్లి సంబంధాల సైటు. వీరేష్‌కు ముప్పై ఎనిమిదేండ్లు. నాలుగు బోర్లు ఎండిన తోట ఉన్న ఇంటికి పిల్లనిచ్చే మహానుభావుడు జిల్లాలో దొరకలేదు.

పుల్లన్న గబుక్కున తలెత్తి ఫ్యాను పక్క చూసినాడు. "ఈ ఫ్యాను గరగరమంటాంది కదప్పా, ఆయిలు వెయ్యల్ల" అన్నాడు. తర్వాత ఫ్యానుతోనే మాట్లాడతాండేట్టు, "ఏమన్నా దించుకునేదుంటే పొద్దున తొమ్మిదిన్నర లోపల దించుకుంటే లైను ఖాళీగా ఉంటాది. నేనేం చూడలేదు."

"ఏం చూడలేదు?" అన్నాడు వీరేష్, చెవులు ఎర్రగా చేసుకొని.

"ఏం చూడలేదో అది గూడా చూడలేదప్పా."

ఆ రోజునుంచి ఆట ఈడ్చలేదు. పిల్లోళ్ళు పుల్లన్నను ఎత్తి తిప్పినంత పని చేసినారు. ఎట్ల బాగు చేసినావన్నా అంటే, "లైన్లో తుప్పు ఉండ్యా" అని ఊరుకున్నాడు.

రెండో రోగం అంత సులభంగా లొంగలేదు. మిషన్లు విప్పి చూస్తే లోపల సగం చేను ఉండాది. ఎర్రదుమ్మంతా ఊదినాడు. మెమరీ పట్టీల కాళ్ళను పిల్లోళ్ళు రాసింది చెరిపే రబ్బరుతో రుద్దినాడు. కరెంటు డబ్బాలు దీంది దానికి, దాంది దీనికి మార్చినాడు. ముక్కు పెట్టి వాసన చూసినాడు. ఏ వాసనా లేదు. అయినా ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు ఒకటి ఆరిపోయేది, దాని ఎనకాలే ఇంకోటి. నెలాఖరుకు వారమే ఉంది.

దారి చూపించింది ప్రణీతే, తెలియక. చెప్పులిప్పి కాలు మిషనుకు ఆనించి ఆడతాండినాడు. "అన్నా, ఈ ఆట భలే ఉండాదన్నా. మనకు తూటా తగిలితే కాలు నిజంగానే జుమ్మంటాంది. అందరికీ అంతే" అన్నాడు మురిసిపోతా.

పుల్లన్న నవ్వబోయి ఆగిపోయినాడు. ఈ జుమ్మనేది ఆయప్పకు పదిహేనేండ్ల పాత చుట్టం. హోల్డరుకు రెండు తీగలు కట్టిన నూరు క్యాండిల్ బల్బు సంచిలోంచి తీసినాడు. ఒక తీగ కరెంటు రంధ్రంలో, ఇంకోటి ఎర్తు రంధ్రంలో పెట్టినాడు. బల్బు ధగధగ వెలగాల. ఆరిపోయే పొయ్యిలో నిప్పు మాదిరి ఎర్రగా, చూసీచూడనట్టు వెలిగింది.

ఎర్తు అంటే ఏముంది? మిషన్లలో కారిపోయే కరెంటును మట్టిలోకి పంపేదానికి గోడ వెనక గుంత తవ్వి, ఇనుప పైపు పూడ్చి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపుతారు. గుంత తడిగా ఉన్నంతవరకే అది ఎర్తు. ఎండితే ఉత్త గుంత. ఆ కరెంటుకు పోయే దారి లేక ఒక మిషన్లోంచి ఇంకో మిషన్లోకి తిరుగుతా అన్నింటినీ సంపుతాంది. గోడ వెనక్కి పోయి చూస్తే గుంతలో మట్టి పిండి మాదిరి వేళ్ళ సందున జారిపోయింది. మనుషులకు, గొడ్లకు తగిలిన కరువే కంప్యూటర్లకూ తగిలింది, అంతే. బొగ్గులు, ఉప్పు కొత్తవి వేసినాడు. ఇంక నీళ్ళు పోయాల. ఎర్తుకు మంచినీళ్ళు పోయల్లని కుందుర్పిలో పని నేర్పిన ఉస్తాదు చెప్పిండె. ఉస్తాదు మాట అంటే పుల్లన్నకు శాసనం.

"దినామూ బిందెడు మంచినీళ్ళు కావల్లప్పా" అన్నాడు వీరేష్‌తో.

"ఎవరికి?"

"కంప్యూటర్లకు."

"ఏమప్పా, ఎండకు తిరిగిందా నీకు? నీళ్ళు ల్యాక బాత్రూముకు బీగం వేసింటే, మట్టిలోకి మంచినీళ్ళు పోస్తానంటావు. నువ్వేమన్నా చేసుకో, నా ట్యాంకు మాత్రం ముట్టొద్దు."

ఆ సాయంత్రం పుల్లన్న ఇంటికి పోయి గంగక్క ఎదురుగా కూర్చున్నాడు. గంగక్క నీళ్ళకు చెరువు కట్ట అవతల లింగప్ప తోటలో బోరు కాడికి పోతుంది. మోటారుకు కరెంటు పొద్దున పదికి వస్తుంది, అప్పటికి పుల్లన్న సెంటర్లో ఉండాల. అందుకే ఆమే పోయి రెండు బిందెలు తెస్తుంది. ఇంకోటి అడగాల. ఉన్నదున్నట్టే చెప్పాలనుకొని నోరు తెరిచినాడు. 'మట్టిలో పోసేదానికి' అనే మాట గొంతు దాకా వచ్చింది. దాని ఎనకాలే టెంకాయ వచ్చింది. తెల్లదుమ్ము వచ్చింది. మాట లోపలికి పోయి, ఇంకోటి బయటికి వచ్చింది.

"సెంటర్లో పిల్లోళ్ళకు తాగేదానికి నీళ్ళు లేవుమే. దినామూ ఒక బిందె తీసకపోతే పని నిలబడేట్టుండాది."

"అయ్యో, ఎవరి బిడ్డలో పాపం" అన్నది గంగక్క. "తెస్తాలే."

తెచ్చింది. ఉత్తనీళ్ళు కూడా కాదు. పాతచీర చింపి, అందులో వట్టివేర్లు మూట కట్టి బిందెలో వేసింది, ఎండలో వచ్చే పిల్లోళ్ళకు చల్లగా, వాసనగా ఉండాలని. మర్రోజు పొద్దున పుల్లన్న ఆ బిందెను సైకిలు ట్యూబు ముక్కలతో క్యారియరుకు బిగించి, పది మందికి దారి ఇస్తా, ఒక్క చుక్క తొణక్కుండా టౌనుకు మోసుకొచ్చి గుంతలో పోసినాడు. కిటికీలోంచి తీగలు లాగి చేతిలో పట్టుకున్న బల్బు మొదట ఎర్రగా ఉండి, పసుపుకు తిరిగి, తెల్లగా వెలిగింది. పుల్లన్న కండ్లు మూసుకొని ఉస్తాదుకు దండం పెట్టినాడు. మూటను మళ్ళీ ఇంటికి తీసకపోతే ఎండిన మూట చూసి ఏమడుగుతుందోనని దాన్నీ గుంతలోకి విసిరినాడు.

"మూట యాడ?" అనడిగింది గంగక్క.

"పిల్లోళ్ళు పారేసినారు."

"పోనీలే, పిల్లోళ్ళు" అని ఇంకోటి కట్టింది.

మిషన్లు సావడం మానుకున్నాయి. నెలాఖరు వచ్చింది, పోయింది. జెరాక్సు మాట వీరేష్ మళ్ళీ ఎత్తలేదు. పిల్లోళ్ళు ప్యాకెట్టు నీళ్ళు తాగుతా, ఎదురోణ్ణి కాలుస్తా, సంతోషంగా ఉండారు. ఇంట్లో మాత్రం దినామూ ఒక పరీక్ష జరిగేది.

"నీళ్ళు బాగుండాయన్నారా?"

"బాగుండాయన్నారు."

"వాసనో?"

"వాసన గూడా."

"ఆ పెద్ద గొంతోడు, ప్రణీతో ఎవరో, వాడు తాగినాడా?"

"రెండు గ్లాసులు" అన్నాడు పుల్లన్న. అబద్ధానికి లెక్క కూడా చెప్పవలసి వచ్చేసరికి సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

జూన్ నడుమ వరకూ ఇట్లే సాగింది. వాన రాలేదు. లింగప్ప బోరు సన్నగా పోయబట్టింది. ఒక పొద్దున మూడో బిందె చంకనెత్తుకొని చెరువు కట్ట రాళ్ళు దిగతా గంగక్క జారింది. బిందె కాపాడబోయి కుడిచెయ్యి కిందేసుకుంది. మణికట్టు కాడ ఎముక విరిగింది. పుత్తూరు కట్టు కట్టించినారు.

ఆ దినం పుల్లన్న ఆమె పక్కన కూర్చొని, ఇప్పుడు చెప్తా, ఇప్పుడు చెప్తా అనుకుంటా పొద్దు గడిపినాడు. ఆఖరుకు, "రెండు దినాలు పిల్లోళ్ళే ఏదో తెచ్చుకుంటార్లే" అన్నాడు. రెండు దినాలకు గుంత ఎండింది. మూడో దినం మధ్యాన్నం అయిదు మిషన్లు ఒకేసారి ఆరిపోయినాయి. వీరేష్ క్యాబిన్ తలుపు తెరుచుకొని నిలబడి ఊరికే చూసినాడు.

మర్రోజు పొద్దున్నే, బోరు కాడ వరసలో ముందుండాలని, గంగక్క ఎడమచంకలో బిందె పెట్టుకొని గడప దాటతాండాది. "మూడు దినాలాయె పాపం, ఏం తాగుతాండారో" అన్నది. పుల్లన్న తెమ్మనలేదు. వద్దనీ అనలేదు. సైకిలు చైను చూస్తా కూర్చున్నాడు. ఆ చైనుకు ఏమీ కాలేదు.

సెంటరు ఉన్న కాంప్లెక్సును ఊడ్చేది బయమ్మ. ఆమెది కూడా బుక్కరాయసముద్రమే, గంగక్క వీధే. ఒకరోజు గంగక్క కట్టు చూసేదానికని వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మే గంగా, మీ ఆయప్ప ఎవరికన్నా చేయిస్తాండాడేమి?"

"ఏం చేయించేది?"

"మందూ మాకూ, చేతబడీ. గోడ ఎనక గుంత తవ్వినాడు. బొగ్గులేసినాడు, ఉప్పు వేసినాడు. దినామూ బిందెడు నీళ్ళు పోస్తాడు, చేతిలో దీపమొకటి. కండ్లు మూసుకొని ఏందో గొణుగుతాడు. గుంతలో అన్నీ పాతగుడ్డ మూటలేమ్మా! నీ చెయ్యి ఊరికే ఇరిగిందంటావా?"

గంగక్క మర్రోజు ఆటో ఎక్కి టౌనుకు పోయింది.

పుల్లన్న గుంత మీద వంగి బిందె వంచుతాండాడు. నీడ పడితే తలెత్తినాడు. గంగక్క ఆయప్ప ముఖం చూడలేదు. గుంతలోకి చూస్తాండాది. బొగ్గుల్లో, ఉప్పులో, బురదలో ఆమె చీరల ముక్కలు. ఆకుపచ్చ చీర, పసుపు చీర, పెండ్లప్పటి నేరేడు రంగు చీర. ఒక్క దినం పని కాదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

పుల్లన్న అంతా చెప్పినాడు. బల్బు చూపించినాడు. జుమ్మనేది చెప్పినాడు, నెలాఖరు చెప్పినాడు, రేకుల షెడ్డు చెప్పినాడు. మధ్యలో లోపలినుంచి ప్రణీత్ గొంతు వినపడింది, ఎవరినో కాల్చినట్టుండాడు.

గంగక్క అంతా విన్నది. "మట్టిలోంచి నీళ్ళు తీస్తానని మూడు బోర్లేసి చేను పోగొడితివి" అన్నది. "ఇప్పుడు నా చేత మోయించి మోయించి మళ్ళీ మట్టిలోకే పోస్తివి. నాతో చెప్పింటే తెచ్చేదాన్ని కాదనుకుంటివా?"

ఆమె చీర కొంగుతో కట్టు మీద పడిన నీటిచుక్క తుడుచుకొని, పోబోతా వెనక్కి తిరిగింది. "అయినా ఆ గుంతకు మంచినీళ్ళే కావల్లనా? బోకులు కడిగిన నీళ్ళు తాగదా అది?"

"ఉస్తాదు మంచినీళ్ళు పోయల్లని..." అని పుల్లన్న ఆగిపోయినాడు. ఉస్తాదు గొంతు చెవిలో మోగింది. ఆయనది తురకం కలిసిన తెలుగు. అన్నానికి కూర్చుంటే 'మంచిగ తిను' అనేటోడు. పనయిపోతే 'మంచిగ పండుకో' అనేటోడు. ఆ రోజు ఆయన అన్నది 'ఎర్తుకు మంచిగ నీళ్ళు పోయాల' అని. బాగా పొయ్యమన్నాడు. అంతే. ఇన్నేండ్లూ ఆ మాటను చెవిలో తప్పుగా మోసినాడు పుల్లన్న. కుందుర్పిలో నీళ్ళున్నప్పుడు ఏ నీళ్ళైతే ఏమి, ఎవరికీ తేడా తెలియలేదు.

మర్రోజు బోకులు కడిగిన కుడితి నీళ్ళు డబ్బాలో తెచ్చి పోసినాడు. బల్బు ఎప్పుడూ వెలగనంత తెల్లగా వెలిగింది. ఆ నీళ్ళల్లో ఉప్పూ పులుసూ ఉంటాయి, ఎర్తుకు అవే ఇష్టం. ఆ వెలుగును పుల్లన్న చూడలేక బల్బును నేల మీద బోర్లించినాడు.

గంగక్క చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో బిందె ఎత్తేది ఇంక లేదు. లింగప్ప బోరు ఆగస్టులో ఎండింది. బెంగళూరు పోయే పని మాత్రం తప్పింది. సెంటరు ఇంకో మూడేండ్లు నడిచింది, మిషన్లు ఎప్పుడూ సావలేదు. పుల్లన్న దినామూ కుడితి డబ్బా క్యారియరుకు కట్టుకొని పోతాంటే, వీధిలో పిల్లకాయలు ఎనుము యాడుందన్నా అని ఎగతాళి చేసేటోళ్ళు.

గంగక్క ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మూడో బోరు కథ చెప్పడం కూడా మానేసింది. ఎవరన్నా అడిగితే "చేను పోయింది, అంతే" అంటుంది. ఇంట్లో పుల్లన్న ఒక చెంబెడు నీళ్ళు ముంచితే చాలు, ఏ మూలనున్నా ఆమె గొంతు వస్తుంది.

"యాటికది?"

"కాళ్ళు కడుక్కునేదానికి" అంటాడు పుల్లన్న.

ఆమె వచ్చి గడప కాడ నిలబడుతుంది. ఆయప్ప ఒక కాలు, ఇంకో కాలు కడుక్కొని, చెంబు ఖాళీ అయిందని బోర్లించి చూపించేదాకా చూసి, లోపలికి పోతుంది.